ట్యూను పారిపోకముందే!

గిటారు చేతిలో ఉంటుంది. వేళ్లు ఊరికే తీగల మీద తిరుగుతుంటాయి. ఉన్నట్టుండి నాలుగు స్వరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి కుదురుకుంటాయి. 'భలే ఉందే' అనుకునేలోపు వంటింట్లోంచి అమ్మ అన్నానికి పిలుస్తుంది. తిని వచ్చేసరికి... ఏదీ ఆ ట్యూను? ఎంత వెతికినా దొరకదు!

ఇలా రెండుమూడుసార్లు జరిగాక ఇంట్లో కొత్త డిమాండ్ మొదలవుతుంది. 'నాన్నా, ఇంట్లోనే రికార్డింగ్ పెట్టుకుంటా' అని. చూస్తే నాలుగు వేల నుంచి నలభై వేల దాకా రకరకాల పెట్టెలూ మైకులూ. ఏది కొనాలి? అసలు ఇప్పుడే కొనాలా?

కట్టిన వరస మర్చిపోవడం నేర్చుకునే పిల్లల సమస్యే అనుకుంటే పొరపాటు. నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో 1907లో పుట్టిన బెజవాడ గోపాలరెడ్డి 1920ల్లో శాంతినికేతన్‌కు వెళ్లి చదువుకున్నారు. తర్వాత 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. 1962లో కేంద్ర సమాచార ప్రసారశాఖ మంత్రిగా ఆకాశవాణి బాధ్యతలూ చూశారు. రవీంద్రుడి రచనల్ని తెలుగులోకి తెచ్చారు. ఆయన చదువుకున్న ఆ శాంతినికేతన్‌లో గురుదేవులకు ఓ 'రికార్డరు' ఉండేది. యంత్రం కాదు, మనిషి! పేరు దినేంద్రనాథ్ టాగూర్, రవీంద్రుడి పెద్దన్న మనవడు. రెండువేలకు పైగా పాటలు కట్టిన రవీంద్రుడికి తన వరసలే గుర్తుండేవి కావు. కొత్తది తట్టగానే దినేంద్రనాథ్‌కి పాడి వినిపించేవారు. ఆయన అప్పటికప్పుడు నేర్చుకుని స్వరలిపి రాసిపెట్టేవారు. తన పాటలన్నిటికీ ఆయనే భాండాగారి అన్నారు రవీంద్రుడు.

దినేంద్రనాథ్ గొప్ప సంగీతజ్ఞుడు, సరే. పిలిస్తే పలికేంత దూరంలో ఉండటం అంతకన్నా పెద్ద సుగుణం! ట్యూను పట్టుకునే పరికరానికి పెట్టాల్సిన మొదటి పరీక్షా అదే. రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్ 1965లో ఓ రాత్రి పక్కన ఫిలిప్స్ క్యాసెట్ రికార్డరు పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున చూస్తే టేపు చివరిదాకా తిరిగి ఉంది. వెనక్కి తిప్పి వింటే కాసేపు గిటారు, మిగతాదంతా గురక! ఆ కాసేపే తర్వాత 'శాటిస్‌ఫ్యాక్షన్' పాటైంది. రాత్రి వాయించిన సంగతే అతనికి గుర్తులేదట.

ముందు జేబులో చూడండి

ఇప్పుడు ఆ క్యాసెట్ రికార్డరు పనికి ఫోను చాలు. రికార్డర్ యాప్‌ని మొదటి తెర మీదే పెట్టుకుంటే ఒక్క నొక్కుతో మొదలవుతుంది. గిటారుకు అడుగు, అడుగున్నర దూరంలో ఫోనుని నిలబెట్టి, మైకుని పన్నెండో ఫ్రెట్ వైపు తిప్పాలి. మధ్యలోని గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెడితే మంద్రస్వరాలు బుయ్యిమని మోగుతాయి. నెల్లూరు ఎండల్లో ఫ్యాను కట్టేయమనడం అన్యాయమే కానీ ఆ రెండు నిమిషాలూ తప్పదు. ఖాళీగా ఉన్న సిమెంటు గోడల హాలుకన్నా పరుపూ కర్టెన్లూ ఉన్న పడగ్గది నయం, ప్రతిధ్వని తగ్గుతుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది. వాయించే ముందు 'కేపో రెండో ఫ్రెట్, జీ కార్డు' అని నోటితో చెప్పాలి. లేదంటే నెల తర్వాత విన్నప్పుడు ట్యూను వినపడుతుంది కానీ వేళ్లు ఎక్కడ పెట్టారో తెలియదు.

కొనే వేళ ఎప్పుడొస్తుంది?

ఫోనులో గట్టిగా మీటినచోట శబ్దం నొక్కుకుపోయి, మెల్లగా మీటినచోట గది చప్పుళ్లన్నీ పైకి తేలుతుంటే అది ఫోను చేసే పనే. ధ్వని హెచ్చుతగ్గుల్ని అది తనంతట తనే సర్దేస్తుంది. ఇక మొదట వాయించినదాని మీద రెండో గిటారో, గొంతో చేర్చాలనిపించిందంటే నిజంగానే పర్సు తీయాల్సిన వేళ వచ్చినట్టు. అప్పుడు కావాల్సింది ఆడియో ఇంటర్‌ఫేస్. గిటారునీ మైకునీ కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె అది. పాడుతూ వాయించేవాళ్లు రెండు ఇన్‌పుట్‌లున్నదే తీసుకోవాలి. నేరుగా కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ మైకు సులువే కానీ రేపు ఎలక్ట్రిక్ గిటారు కొంటే దానికి తగిలించే దారుండదు.

మైకు దగ్గరే ఎక్కువమంది డబ్బు పారేసుకుంటారు. ఖరీదైన కండెన్సర్ మైకు అన్నీ వింటుంది. అన్నీ అంటే పక్కింటి మిక్సీ, వీధిలో ఆటో హారనూ కూడా! చప్పుడుండే ఇంట్లో డైనమిక్ మైకుని దగ్గరగా పెట్టి వాడుకోవడమే మేలు. కండెన్సరే కావాలంటే ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉందో లేదో చూసుకోవాలి. సముద్రపు తేమ తగిలే ఊళ్లలో వాడనప్పుడు దాన్ని సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో దాచాలి.

హెడ్‌ఫోన్లు చెవుల్ని పూర్తిగా మూసేవి, వైరువి తీసుకోండి. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది, తాళం తప్పుతుంది. సాఫ్ట్‌వేర్‌కి రూపాయి ఖర్చక్కర్లేదు. ఆడాసిటీ, బ్యాండ్‌ల్యాబ్ ఉచితం. ఆపిల్ వాడేవాళ్లకి గ్యారేజ్‌బ్యాండ్ ఎలాగూ ఉంది.

కంప్యూటర్ జోలికే వెళ్లనంటే జేబులో పట్టే హ్యాండీ రికార్డర్లున్నాయి. వాటిలో 32 బిట్ ఫ్లోట్ రకమైతే ఎంత గట్టిగా వాయించాలో ముందే లెక్కలేసుకునే పని ఉండదు.

అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో న్యూజెర్సీలోని ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరూ రెండు షూర్ ఎస్ఎం57 డైనమిక్ మైకులూ పెట్టుకుని కొన్ని పాటలు పాడుకున్నాడు. బృందానికి వినిపించడానికే అవి. తీరా స్టూడియోలో అందరూ కలిసి వాయిస్తే ఇంట్లో పలికిన తీరు రాలేదు. చివరికి ఆ ఇంటి క్యాసెట్టే 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా అదే ఏడాది విడుదలైంది. విచిత్రం ఏమిటంటే అంతకుముందు వారాల తరబడి ఆ క్యాసెట్‌ని, పైన డబ్బా కూడా లేకుండా, ప్యాంటు జేబులో వేసుకుని తిరిగాడు. మీరా ధైర్యం చేయొద్దు. ఫోనులో పట్టిన ట్యూన్లకి తేదీతో పేర్లు పెట్టి, వారానికోసారి కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకోండి.