ఐ.సి.యు.లో ఇంటి పిలుపు

"మత్తుమందు ఆపేశాం. ఇక మెలకువ రావాలి" అని చెప్పి డాక్టరుగారు వెళ్ళిపోతారు. ఇంటిల్లిపాదికీ అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఒక రోజు గడుస్తుంది, రెండో రోజు గడుస్తుంది, మనిషి కళ్ళు తెరవరు. ఊళ్ళోంచి ఫోను చేసినవారల్లా "ఇంకా లేవలేదా?" అని అడుగుతారు. గాజు తలుపు ఇవతల కూర్చున్న మనకు, చేయడానికి ఏమీ లేదనిపిస్తుంది. నిజానికి డాక్టరూ నర్సూ చేయలేని పని ఒకటి మన చేతిలోనే ఉంది. అదేమిటో చూద్దాం.

ఆలస్యం ఎందుకు?

మందు ఆపగానే దీపం స్విచ్చి వేసినట్లు మెలకువ రాదు. మిడజోలామ్ వంటి మత్తుమందులు రోజుల తరబడి ఇస్తే ఒంట్లోని కొవ్వులో పేరుకుంటాయి. వాటిని బయటికి పంపవలసినవి కాలేయం, మూత్రపిండాలు. వయసు పైబడినవారిలోనూ, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలోనూ ఆ పని నెమ్మదిగా సాగుతుంది. ఒళ్ళంతా పాకిన ఇన్‌ఫెక్షను, రక్తంలో సోడియం తేడా, మెదడుకు దెబ్బ, పైకి కనబడని ఫిట్సు కూడా కారణాలు కావచ్చు. ఫిట్సు సంగతి తేల్చడానికే ఇ.ఇ.జి. తీస్తారు. గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్నవారి విషయంలో కనీసం 72 గంటలు గడిచేదాకా భవిష్యత్తు గురించి తొందరపడి తేల్చరాదన్నది వైద్యుల నియమం.

కాబట్టి "ఎప్పుడు లేస్తారు?" అన్న ఒక్క ప్రశ్నతో ఆగకండి. మత్తుమందు ఏ రోజు, ఎన్ని గంటలకు ఆపారు? మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయి? స్కానింగు, ఇ.ఇ.జి. అవసరమా? నిన్నటికీ నేటికీ తేడా ఏమైనా ఉందా? ఇవి అడగండి. ఇంటి తరఫున ఒక్కరే డాక్టరుతో మాట్లాడి, విన్నది నోటుపుస్తకంలో రాసి మిగతావారికి చెప్పడం మేలు.

మార్కుల లెక్క

స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలును 1974లో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు వైద్యులు ప్రకటించారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, వెరసి 15 మార్కులు. అతి తక్కువ 3. గొంతులో గొట్టం ఉన్నవారు మాట్లాడలేరు గనుక వారికి మాట మార్కులు ఇవ్వడం కుదరదు. అంకె చూసి బెంబేలు పడకూడదు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. కదలికలో పూర్తిగా 6 మార్కులు రావాలంటే, చెప్పిన మాట విని చేయాలి. ఆ మాట ఏ భాషలో చెప్పారు? బెంగుళూరులో సిస్టరు "కణ్ణు బిడి" అంటారు. వేలూరులో "కణ్ణ తిరంగ" అంటారు. షోలాపూరులో "డోళే ఉఘడా" అంటారు. అంగట్లో, ఆఫీసులో ఆ భాషలు ధారాళంగా మాట్లాడిన మనిషైనా, మగతలో ఉన్నప్పుడు పుట్టింటి భాషే ముందు అందవచ్చు. ఇల్లు దాటి ఎరుగని అవ్వల మాట చెప్పనే అక్కరలేదు. అందుకే "మా వాళ్ళకు తెలుగులో చెప్పి చూస్తాం, మీరు పక్కన ఉండి గమనించండి" అని డాక్టరును అడగడం మన హక్కు.

వినిపిస్తుందా?

కదలని మనిషికి ఏమీ వినిపించదని అనుకోరాదు. మెదడుకు దెబ్బతగిలి, చెప్పినదానికి ఏ స్పందనా లేని 104 మందికి న్యూయార్కులో ఇ.ఇ.జి. తీస్తూ "చెయ్యి తెరవండి, ముయ్యండి" అని చెప్పి చూశారు. 16 మంది మెదళ్ళలో ఆ మాట అందుకున్న జాడ కనిపించింది. ఈ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. అందరికీ వినిపిస్తుందని దీని అర్థం కాదు. ఎవరికి వినిపిస్తున్నదో మంచం పక్కన నిలబడి చెప్పలేం గనుక, అందరితోనూ మాట్లాడాలి. మంచం పక్కన ఆస్తి తగాదాలు, బిల్లు లెక్కలు, "ఇక కష్టమేనట" అన్న గుసగుసలు వద్దు.

ఎలా పలకరించాలి?

పేరుకన్నా పిలుపు ముఖ్యం. సిస్టరు పేరు పెట్టి పిలిచేది, యాభై ఏళ్ళుగా "ఏమండీ" అన్న పిలుపుకే పలికిన మనిషిని. ఇంట్లో నాయనా అంటే నాయనా అనే, అబ్బా అంటే అబ్బా అనే, అప్పా అంటే అప్పా అనే పిలవండి. ముందు మీరెవరో చెప్పండి. ఈ రోజు ఏ వారమో, ఎక్కడున్నారో, ఏమైందో రెండు ముక్కల్లో చెప్పండి. తరువాత ఇంటి కబుర్లు: ఆవు ఈనిందనో, మనవడు పరీక్ష రాశాడనో. ఒకసారికి ఒక్కరే, పది నిమిషాలకు మించకుండా. అలిసిన మెదడుకు నిద్ర కూడా మందే.

చెయ్యి పట్టుకుంటే వేళ్ళు బిగుస్తాయి. పసిపిల్లల పిడికిలిలాగా అది తనంతట తానే జరగవచ్చు. "వదలండి" అంటే వదిలారా, మళ్ళీ అడిగితే మళ్ళీ చేశారా అన్నది చూడండి. చేస్తే, టైముతో సహా సిస్టరుకు చెప్పండి.

నొప్పి, దాహం, చలి, ఊపిరి ఆడటం లేదు వంటి పదిమాటలు తెలుగు ఉచ్చారణతో, అక్కడి లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసి సిస్టరుకివ్వండి. కళ్ళజోడు, వినికిడి మిషను సిద్ధంగా ఉంచండి. చేతులు కడుక్కోకుండా ముట్టుకోవద్దు. తులసి తీర్థమైనా సరే నోట్లో పోయవద్దు. మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. నుదుట కాస్త విభూతో కుంకుమో పెట్టవచ్చా అని అడిగి పెట్టండి.

లేచిన తరువాత

సినిమాలోలాగా లేచి పేర్లు పెట్టి పిలవరు. ముందు కళ్ళు తెరుస్తారు, చూపు నిలవదు. తరువాత చూపు మనిషిని వెంబడిస్తుంది. ఆపైన కొందరు గొట్టాలు పీక్కుంటారు, లేనివారు కనబడుతున్నారంటారు, కన్నకూతుర్నే ఎవరని అడుగుతారు. ఇది పిచ్చి కాదు. జబ్బూ మందులూ కలిసి తెచ్చే అయోమయం. చాలామందికి క్రమంగా తగ్గుతుంది. వాదించకుండా, అదే గొంతుతో అదే మాట మళ్ళీ చెప్పండి.

అందరూ లేస్తారని ఎవరూ హామీ ఇవ్వలేరు. పిలుపు వైద్యానికి బదులు కాదు. లేవకపోతే మీరు సరిగా పిలవలేదనీ కాదు. అటువంటప్పుడు, ఆ మనిషికి నోరుంటే తనకేం కావాలని అడిగేవారో ఇంటివారంతా కూర్చుని డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఈలోగా వంతులు వేసుకోండి. వేళకు తినండి, పడుకోండి. రేపు విజిటింగు టైములో ఆ గొంతు తడబడకుండా పలకాలంటే, ఆ గొంతు గల మనిషీ నిలబడి ఉండాలి.