ఎదురుగాలిలో ముందుకు పోయే తెరచాప

గాలికి ఎగిరిన కాగితం ముక్కను మీరు గమనించే ఉంటారు. గాలి ఎటు వీస్తే అది అటే పోతుంది. మళ్ళీ మన దగ్గరకు రాదు. కాని అదే గాలిని నమ్ముకొని నీటి మీదికి వెళ్ళి, తిరిగి బయలుదేరిన ఒడ్డుకే చేరుకునే ఆట ఒకటుంది. దాని పేరు విండ్ సర్ఫింగ్. ఇందులో ఇంజను లేదు, తెడ్డు లేదు, చుక్కాని కూడా లేదు. ఒక పలక, దాని మీద తెరచాప, ఆ తెరచాపను పట్టుకొని నిలబడిన మనిషి. అంతే!

మొన్న సంక్రాంతికి మా పాత విద్యార్థి ఒకడు అమెరికా నుంచి వచ్చాడు. అక్కడ పోర్ట్‌లాండ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. తొమ్మిదో తరగతిలో, "బలాన్ని రెండు భాగాలుగా విడదీసి ఏం చేసుకుంటాం మాస్టారూ?" అని నన్ను అడిగినవాడు వీడే. కిందటి ఆగస్టులో ముగ్గురు స్నేహితులతో కలిసి కొలంబియా నది మీద విండ్ సర్ఫింగ్‌కు వెళ్ళాడట. నది నడుమ వచ్చిన చిక్కు గురించి చెప్పి, "ఆ రోజు మీ పాఠమే ఒడ్డుకు చేర్చింది మాస్టారూ" అన్నాడు. అదేమిటో తెలియాలంటే ముందు గాలి సంగతి, తరువాత తెరచాప సంగతి తెలుసుకోవాలి.

నది ఒకవైపు, గాలి మరొకవైపు

కొలంబియా నది కెనడాలో పుట్టి, చివరకు పడమరగా ప్రవహించి పసిఫిక్ మహాసముద్రంలో కలుస్తుంది. దారిలో ఉత్తర దక్షిణాలుగా కాస్కేడ్ పర్వతాలు అడ్డం నిలిచాయి. నది వాటిని కోసుకొని సుమారు 130 కిలోమీటర్ల పొడవైన లోయను ఏర్పరచింది. కొన్నిచోట్ల ఈ లోయ 1200 మీటర్ల లోతుంటుంది.

వేసవిలో పర్వతాలకు తూర్పున ఉన్న మెట్టభూములు బాగా వేడెక్కుతాయి. అక్కడి గాలి తేలికై పైకి లేస్తుంది. కనుక అక్కడ పీడనం తగ్గుతుంది. పడమట సముద్రం మీద చల్లని, బరువైన గాలి ఉంటుంది. అది పీడనం తక్కువగా ఉన్న తూర్పు వైపుకు పోవాలి. అడ్డంగా పర్వతాలు! ఉన్న సందు ఆ లోయ ఒక్కటే. రెండు మేడల మధ్య ఇరుకు సందులో గాలి ఎంత జోరుగా వీస్తుందో మీకు తెలుసు కదా! మన పడమటి కనుమలలోని పాల్ఘాట్ కనుమ గుండా గాలులు జోరుగా వీచేదీ ఇలాగే.

పోర్ట్‌లాండ్‌కు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలో హుడ్ రివర్ అనే చిన్న ఊరుంది. అక్కడ వేసవిలో నది పడమరకు పారుతుంటే, గాలి తూర్పుకు వీస్తుంది. గాలీ నీరూ ఎదురెదురైతే అలలు నిటారుగా లేస్తాయి. అందుకే ఎక్కడెక్కడివారో ఈ ఆటకోసం అక్కడికి వస్తారు.

పుచ్చగింజ చెప్పే పాఠం

గాలి పడమటి నుంచి వీస్తున్నది. మనం పడమరకే పోవాలి. ఎలా? నేరుగా పోలేము. పలక ముక్కును వాయవ్యానికి తిప్పి, తెరచాపను గాలికి కొంచెం వాలుగా పట్టుకోవాలి. తూర్పుకు పోతున్న గాలిని వంపు తిరిగిన తెరచాప కాస్త దక్షిణానికి మళ్ళిస్తుంది. తెరచాప గాలిని దక్షిణానికి నెడితే, న్యూటన్ మూడవ నియమం ప్రకారం గాలి తెరచాపను ఉత్తరానికి నెడుతుంది.

ఇప్పుడు ఉత్తర దిశలో ఉన్న ఈ బలాన్ని రెండు భాగాలుగా విడదీయండి. ఒక భాగం వాయవ్యానికి, అంటే పలక ముక్కు ఉన్న వైపుకు. రెండవ భాగం ఈశాన్యానికి, అంటే పలకను పక్కకు. పలక అడుగున చేప వాజంలాంటి రెక్క ఒకటి నీటిలోకి దిగి ఉంటుంది. కత్తి అంచువైపు నుంచి సులభంగా దిగినట్లు ఇది ముందుకు సులభంగా కదులుతుంది గాని, పక్కకు జరగాలంటే బోలెడు నీటిని తోయాలి. కనుక పక్కకు తోసే భాగాన్ని నీరు అడ్డుకుంటుంది. ఇక మిగిలింది ముందుకు తోసే భాగమే!

తడి పుచ్చగింజను రెండు వేళ్ళతో నొక్కండి. గింజ ఏ వేలివైపుకూ పోకుండా, మధ్య నుంచి ముందుకు చివ్వున దూకుతుంది. ఇక్కడ ఒక వేలు గాలి, మరొక వేలు నీరు, గింజ మన పలక అన్నమాట.

కొంతదూరం వాయవ్యానికి, తరువాత మలుపు తిరిగి కొంతదూరం నైరుతికి పోతే, వంకరటింకరగా అయినా గాలి వచ్చే వైపుకే చేరుకుంటాం.

చుక్కాని లేకుండా తిప్పడం

బల్ల మీద స్కేలును పెట్టి మధ్యలో నెట్టండి. తిన్నగా జరుగుతుంది. ఒక కొసన నెట్టండి. తిరుగుతుంది. విండ్ సర్ఫింగ్ పలకనూ ఇలాగే తిప్పుతారు. తెరచాప కొయ్యను ముందుకు వంచితే గాలి బలం పలక ముందుభాగాన పడి, ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది. వెనక్కు వంచితే ముక్కు గాలివైపుకు తిరుగుతుంది. కొయ్య ఇలా ఎటంటే అటు వంగడానికి దాని మొదట్లో ఒక కీలు ఉంటుంది. అమెరికాలో న్యూమన్ డార్బీ 1965లో తెరచాప పలకను గురించి ఒక పత్రికలో రాశాడు. విమాన ఇంజనీరు జిమ్ డ్రేక్, హోయిల్ ష్వైట్జర్ కలిసి 1968లో ఇలాంటి కీలుతో కూడిన పలకకు పేటెంటు కోరారు. 1984 నాటికి ఈ ఆట ఒలింపిక్స్‌లోకి ఎక్కింది. 2015లో నమీబియాలో ఆంత్వాన్ ఆల్బో గంటకు 98 కిలోమీటర్లకు పైగా వేగంతో పోయాడు!

ఇక్కడ ఒక హెచ్చరిక. గాలి వేగం రెట్టింపైతే దాని బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అందుకే గాలి పెరిగినకొద్దీ చిన్న తెరచాప వాడతారు.

నది నడుమ

ఇక మా విద్యార్థి సంగతి. సాయంకాలం అతడు నది మధ్యలో ఉండగా ఆ కీలు కాస్తా తెగిపోయింది. తెరచాప నీళ్ళలో పడింది. దూరాన గోధుమల బార్జీలను తోసుకుంటూ ఒక టగ్ పడవ వస్తున్నది. అంత బరువున్న పడవను చటుక్కున ఆపడం ఎవరి తరమూ కాదు. ఒడ్డు చూస్తే దగ్గరగా ఉన్నట్లుంది. పలకను వదిలేసి ఈదుదామా అనిపించిందట.

వదలలేదు. ఈ ఆటలో మొదటి నియమం అదే: ఏం జరిగినా పలకను వదలకూడదు. నీటి మీద దృష్టికి దూరం తెలియదు. పలక మనిషిని తేలుస్తుంది. ఒక్క తల కంటే పలక దూరం నుంచి బాగా కనబడుతుంది. అతడు తెరచాపను పలక వెనుకభాగాన పరచి, బోర్లా పడుకొని చేతులతో నీటిని తోయసాగాడు.

కాని ఎటు తోయాలి? బయలుదేరిన చోటికి పోదామంటే ఏటవాలుగా పోవాలి. అప్పుడు పాఠం గుర్తొచ్చింది. ఒడ్డు 600 మీటర్లు, చేతులతో పోగల వేగం నిమిషానికి 30 మీటర్లు అనుకుందాం. ఒడ్డుకు తిన్నగా తోస్తే 20 నిమిషాలు. ప్రవాహం పక్కకు లాగినా సరే, దాటడానికి పట్టే కాలం మారదు. అదే, తిన్నని దారికి 60 డిగ్రీల ఏటవాలుగా తోస్తే, ఒడ్డువైపు పనిచేసే వేగం సగమే, 15 మీటర్లు. దాటడానికి 40 నిమిషాలు! బార్జీ దారిలో రెట్టింపుసేపు ఉండాలి.

అతడు తిన్నగా ఒడ్డుకే తోశాడు. ఒక స్నేహితుడు చుట్టూ తిరుగుతూ టగ్ పడవవాళ్ళకు చేయి ఊపాడు. మిగతా ఇద్దరూ ఒడ్డుకు పోయి ఎదురుచూశారు. బయలుదేరిన చోటికి చాలా దూరంలో ఒడ్డు చేరాడు. కాసేపటికి బార్జీలు అతడున్న చోటు మీదుగా పోయాయి. "పలక మోసుకొని నడిచిరావడం నామోషీ అనిపించలేదు మాస్టారూ" అని నవ్వాడు.

మీరూ చేసి చూడండి

థర్మోకోల్ ముక్క మీద పుల్లతో కాగితం తెరచాప వాలుగా నిలబెట్టండి. నీళ్ళతొట్టిలో వదిలి, పక్కనుంచి విసనకర్రతో విసరండి. గాలితోపాటే పక్కకు కొట్టుకుపోతుంది. ఇప్పుడు అడుగున పొడవునా ఒక ప్లాస్టిక్ ముక్కను గుచ్చి మళ్ళీ విసరండి. ఏ వైపుకు పోయింది? ఎందుకు? పటం గీసి, బలాలను విడదీసి మీ సైన్సు మాస్టారికి చూపండి.

అయితే ఒక్క మాట. తొట్టిలో ప్రయోగం మీ ఇష్టం. చెరువులోకి, ఏటిలోకి మాత్రం ఈత, లైఫ్ జాకెట్, నేర్పే పెద్దలు, ఈ మూడూ లేకుండా దిగకండి. గాలిని, నీటిని మనం ఆపలేము. కాని వాటి బలాలలో మనకు పనికివచ్చే భాగమేదో తెలుసుకోగలం. కాగితం ముక్కకూ మనిషికీ తేడా అదే.