వీడియో కాల్‌ని 1878లోనే గీశారు!

రోజూ రాత్రి పదిన్నరకి అమ్మ వీడియో కాల్ చేస్తుంది. తెర మీద నుదురు, పైన ఫ్యాను తప్ప ఏమీ కనబడవు. 'అమ్మా, ఫోన్ కొంచెం దించు' అనడంతోనే మా కబుర్లు మొదలు. మొన్న కాల్ పెట్టేశాక ఏదో వెతుకుతుంటే ఓ పాత కార్టూన్ కంటపడింది. లండన్‌లో ఓ ఇల్లు. గోడ మీద వెడల్పాటి తెర. దాని ముందు కూర్చున్న అమ్మానాన్నలు సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, ఉన్న కూతురితో మాట్లాడుతున్నారు. అచ్చం మన వీడియో కాలే! తేదీ చూస్తే 1878 డిసెంబర్. గ్రాహం బెల్ టెలిఫోన్‌కి పేటెంట్ వచ్చి అప్పటికి రెండేళ్లే.

గీసింది జార్జ్ డ్యు మారియే. లండన్ హాస్య వారపత్రిక 'పంచ్'లో కార్టూనిస్టు. ఎడిసన్ కొత్తగా కనిపెట్టాడంటూ ఆ తెరకి సరదాగా 'టెలిఫోనోస్కోప్' అని పేరు పెట్టారు. ఎడిసన్ అలాంటిదేమీ తయారు చేయలేదు, అంతా ఈయన ఊహే.

ఇక ఆగలేక ఆయన జీవితం చదివేశా. 1834లో పారిస్‌లో పుట్టారు. నాన్న ఫ్రెంచ్, అమ్మ ఇంగ్లిష్. కొడుకు సైంటిస్టు కావాలని నాన్న పట్టుదల. లండన్‌లో కెమిస్ట్రీ చదివించి, సొంతంగా ల్యాబ్ కూడా పెట్టించారు. మనలో ఎంతమందికి తెలియదు ఈ కథ! 1856లో నాన్న పోయాక కెమిస్ట్రీకి దండం పెట్టి, బొమ్మలు నేర్చుకోవడానికి పారిస్ వెళ్లారు. అక్కడినుంచి ఆంట్‌వెర్ప్.

1857లో అసలు దెబ్బ తగిలింది. క్లాసులో మోడల్‌ని చూసి గీస్తుంటే ఆమె తల ఉన్నట్టుండి అక్రోటుకాయంత చిన్నగా కనబడింది. ఎడమ కంటి చూపు పోయింది, మళ్లీ రాలేదు. రెండోది కూడా పోతుందేమోనన్న భయం జీవితాంతం వెంటాడింది.

ఇక్కడ చదవడం ఆపేశాను. పోయినేడాది నా కళ్ల ముందు నల్ల చుక్కలు తేలడం మొదలైంది. డాక్టర్ చుక్కల మందు వేసి కూర్చోబెట్టారు. చివరికి రెటీనా బాగానే ఉందన్నారు కానీ, మసక చూపుతో కూర్చున్న ఆ రెండు గంటలూ ఒకటే ప్రశ్న: కోడ్ రాయలేకపోతే నాకు ఇంకేం వచ్చు? డ్యు మారియేకి ఆ ప్రశ్న ఎదురైంది 23 ఏళ్లకి. జవాబు వెతకడానికి ఒక కన్నే మిగిలింది.

ఆ కంటితోనే 1864లో పంచ్ ఉద్యోగం సంపాదించి, మూడు దశాబ్దాలకు పైగా గొప్పింటి డాబుసరిని ఆటపట్టించారు. 1895 నాటి కార్టూన్ ఒకటి ఇప్పటికీ ఫేమస్. బిషప్ గారింట్లో టిఫిన్‌కి వెళ్లిన చిన్న పాస్టర్‌కి కుళ్లిన గుడ్డు వస్తుంది. బిషప్ గమనించి అడిగితే, పాపం అందులో కొన్ని భాగాలు అద్భుతంగా ఉన్నాయంటాడు. రిలీజ్ ఎలా ఉందని మేనేజర్ అడిగితే మేం చెప్పేది కూడా అదే!

1889లో స్నేహితుడు, నవలాకారుడు హెన్రీ జేమ్స్‌కి నడకలో ఓ కథ చెప్పి, నువ్వు రాసుకో అన్నారు. నువ్వే రాయి అన్నాడాయన. ముందు వేరే కథతో తొలి నవల 'పీటర్ ఇబెట్సన్' రాశారు. అప్పటికి వయసు 57. జేమ్స్‌కి చెప్పిన కథ 1894లో 'ట్రిల్బీ'గా వచ్చింది. శ్రుతి తెలియని అమ్మాయిని స్వెంగాలీ హిప్నటైజ్ చేసి గొప్ప గాయనిని చేస్తాడు. అతను చనిపోగానే ఆమె పాటా పోతుంది. అమెరికా, ఇంగ్లండ్ ఊగిపోయాయి. నాటకంగా వేస్తే అందులోని టోపీకి కూడా ట్రిల్బీ అనే పేరు స్థిరపడింది.

అయితే ఒకటి దాచకూడదు. స్వెంగాలీ యూదుడు. అతణ్ని మురికివాడిగా, దుర్మార్గుడిగా చూపించడంలో ఆ కాలపు ద్వేషం నిండా ఉంది. ఇవాళ చదివితే గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా.

1896లో, 62 ఏళ్లకి కన్నుమూశారు. 'రెబెకా' రాసిన డాఫ్నే డ్యు మారియే ఆయన మనవరాలే.

నిన్న రాత్రి ఇదంతా అమ్మకి చెప్పాను. నుదురు, ఫ్యాను ఓపిగ్గా విన్నాయి. 'ఒక్క కంటితో అన్ని బొమ్మలా?' అని కాసేపు ఆగి, 'సరే, నువ్వు ఫోన్ పెట్టేసి పడుకో. కళ్లు జాగ్రత్త' అంది.