చెక్క వాచీలో ఉన్నది ఏ చెట్టు?

చెక్క వాచీల పెట్టెల మీద తరచూ కనిపించే పేర్లలో ‘రెడ్ శాండల్‌వుడ్’ ఒకటి. ఆ మాట చదవగానే తెలుగువారికి శేషాచలం కొండల ఎర్రచందనం గుర్తుకు వస్తుంది. శాండల్‌వుడ్ అన్నారు కాబట్టి మంచి గంధం అనుకునేవారూ ఉంటారు. నిజానికి ఎర్రచందనానికి గంధపు వాసన ఉండదు. రెండింటికీ చుట్టరికం కూడా లేదు. ఎర్రచందనం కంది, చిక్కుడు, వేరుశనగల కుటుంబానికి చెందిన చెట్టు. అంతటితో గందరగోళం తీరదు. ఆఫ్రికా అడవుల్లో పెరిగే దాని దగ్గరి బంధువుల కర్ర కూడా ఇదే పేరుతో మార్కెట్లో తిరుగుతుంటుంది. కాబట్టి పెట్టె మీది రెండు మాటలు చదివి లోపల ఏ దేశపు, ఏ అడవి చెట్టు ఉందో చెప్పడం కష్టం.

వాచీలో చెక్క ఎంతుంటుందో ముందు చూద్దాం. కేసు, పట్టీ రెండూ చెక్కవే అయితే మొత్తం సుమారు 20 ఘన సెంటీమీటర్లు అనుకోవచ్చు. టేకుతో చేస్తే అది 13 గ్రాములు, మేపుల్‌తో 14 గ్రాములు, నీటిలో మునిగేంత సాంద్రత ఉన్న ఎర్రచందనంతో 22 గ్రాములు తూగుతుంది. అంతే పరిమాణంలో ఉక్కు అయితే 150 గ్రాములు దాటుతుంది. చెక్క వాచీ చేతికి తేలిగ్గా అనిపించడానికి కారణం ఇదే.

లోపలి యంత్రం మాత్రం మామూలు వాచీల్లో ఉండేదే. బ్యాటరీతో కంపించే క్వార్ట్జ్ స్ఫటికం, లోహపు చక్రాలు, వెనుక ఉక్కు మూత. చెక్క పని కేసు దగ్గర, పట్టీ దగ్గర ఆగిపోతుంది. యంత్రాన్నే చెక్కతో చేసిన రోజులూ ఉన్నాయి. సముద్రంపై రేఖాంశం కనుక్కునే గడియారంతో పేరుపొందిన ఇంగ్లండు గడియారాల నిపుణుడు జాన్ హారిసన్ పుట్టింది వడ్రంగి ఇంట్లో. 1713 నాటి ఆయన గడియారంలో చక్రాలు ఓక్ చెక్కవి. చక్రం పళ్లు విరగకుండా చెక్క నార ప్రతి పంటిలోనూ బయటి వైపుకు సాగేలా ముక్కలను అమర్చేవాడు. 1720లలో బ్రాకిల్స్‌బీ పార్కులో నిర్మించిన గడియారంలో రాపిడి జరిగే చోట్ల లిగ్నమ్ వీటే అనే కర్రను వాడాడు. కరీబియన్ ప్రాంతపు ఆ చెట్టు చేవలో సహజంగానే జిడ్డుగల రెసిన్ ఉంటుంది. ఆ కాలపు నూనెలు కొన్నాళ్లకు చిక్కబడి గడియారాన్ని ఆపేసేవి. హారిసన్ గడియారానికి నూనెతో పనే లేకపోయింది. ఏ చోట ఏ కర్ర, దాని నార ఏ దిక్కున అన్న ఆయన లెక్క ఈనాటి వాచీకీ వర్తిస్తుంది.

గాలిలోని తేమతో పేచీ

నరికి, కోసి, ఆరబెట్టిన తర్వాత కూడా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూ ఉంటుంది. కణాల గోడల్లోని సెల్యులోజ్‌కు నీటి అణువులంటే అంత మక్కువ. హైదరాబాదులో ఏసీ గదిలో ఉన్న చెక్కలో దాని పొడి బరువులో 8 శాతం దాకా నీరు ఉంటే, వానాకాలంలో విశాఖ తీరంలో అదే చెక్కలో 14 శాతం దాటవచ్చు. నీరు చేరితే చెక్క ఉబ్బుతుంది, పోతే కుంచించుకుపోతుంది.

చిక్కేమిటంటే చెక్క అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు. చెట్టు నిలువునా, అంటే నార పొడవునా, మార్పు లెక్కలోకి రానంత తక్కువ. మొద్దు నడిమి నుంచి బెరడు వైపుకు కొంత. వార్షిక వలయాల వెంట చుట్టూ దానికి దాదాపు రెట్టింపు. పచ్చి కర్ర పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట మేపుల్ సుమారు 10 శాతం కుంచించుకుపోతే, టేకు 5 శాతం దగ్గర ఆగుతుంది. ఈ లెక్కను వాచీకి వర్తింపజేసి చూడాలి. 44 మిల్లీమీటర్ల వెడల్పున్న కేసులో తేమ 8 నుంచి 14 శాతానికి పెరిగితే ఒక దిక్కున మేపుల్ కేసు 0.9 మిల్లీమీటర్ల దాకా, టేకు కేసు అర మిల్లీమీటరు కంటే తక్కువ పెరుగుతాయి. నార పొడవునా రెండూ దాదాపు కదలవు. అంటే గుండ్రంగా తొలిచిన రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అందులో బిగించిన గాజు మాత్రం గుండ్రంగానే ఉంటుంది. వాచీల తయారీలో అర మిల్లీమీటరు చిన్న కొలత కాదు. గాజు వదులవుతుంది, లేదా చెక్క నార వెంట పగులుతుంది.

దీనికి విరుగుడుగా పలుచని పొరలను నార దిశ మార్చుతూ ఒకదానిపై ఒకటి అంటిస్తారు. కొందరు వలయాలకు అడ్డంగా కోసిన పలకలను మాత్రమే ఎంచుకుంటారు. పైన పూసే నూనె, మైనం, పాలియురెథేన్ వంటివి తేమ రాకపోకలను ఆలస్యం చేస్తాయి, ఆపలేవు. వానలో నాలుగు చినుకులు పడితే చెక్క వాచీకి ఏమీ కాదు. దాన్ని పెట్టుకుని ఈతకు దిగితే మాత్రం బతకడం కష్టం.

తేమ తర్వాత చూడవలసింది గట్టిదనం. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మల అంకుడు కర్ర ఆ పనులకు చక్కగా సరిపోతాయి. పొణికి తేలిక, ఉలికి సులువుగా లొంగుతుంది. అంకుడు నున్నగా తరిణె పడుతుంది. పొణికితో వాచీ పట్టీ చేస్తే మాత్రం గోరు తగిలినా నొక్కు పడుతుంది. పట్టీలో ఒక్కో ముక్కను పక్కదానితో కలిపేది సన్నని ఉక్కు సూది. ఆ సూది దూరే రంధ్రం చుట్టూ చెక్క చీలకుండా నిలవాలంటే కణాలు దట్టంగా, నార సన్నగా ఉండాలి. ఎబొనీ, రోజ్‌వుడ్, ఎర్రచందనం ఈ పరీక్షలో ముందుంటాయి. అసలు తగువు మొదలయ్యేదీ ఇక్కడే.

చేవ తేలడానికి పట్టే కాలం

తెలుగులో గట్టి మనిషిని చేవ ఉన్నవాడంటారు. చెట్టులో చేవ అంటే నడిమి భాగంలో చనిపోయిన కణాలు. చెట్టు వాటిని రంగు పదార్థాలతో, రెసిన్లతో, పురుగుకు, బూజుకు విషమయ్యే రసాయనాలతో నింపుతుంది. బయటి తెల్ల చెక్కకు ఆ రక్షణ ఉండదు. ఎర్రచందనం ఎరుపుకు శాంటలిన్లు అనే రంగు పదార్థాలు కారణం. ముదురు రంగు, బరువు, మన్నిక మూడూ చేవలోనే కలిసి వస్తాయి. మంచి చేవ తేలడానికి దశాబ్దాలు పడుతుంది. వాచీ తయారీదారు ఏ గుణాల కోసం వెతుకుతాడో, అవి నిదానంగా పెరిగే చెట్లలో ఎక్కువ. నిదానంగా పెరిగేది నరికినంత వేగంగా తిరిగి రాదు.

ఎబొనీ కథ ఇందుకు మంచి ఉదాహరణ. బీడీ ఆకులిచ్చే మన తునికి చెట్టు, నల్లని కర్రకు పేరుపడ్డ ఆఫ్రికా ఎబొనీ రెండూ డయోస్పైరోస్ ప్రజాతివే. గిటార్లకు, వయొలిన్లకు, ఆభరణాలకు మచ్చలేని నలుపు కావాలని మార్కెట్టు కోరింది. నిలబడి ఉన్న చెట్టును బయటి నుంచి చూసి లోపలి రంగు చెప్పలేరు. 2011లో అమెరికాకు చెందిన టేలర్ గిటార్ల కంపెనీ కామెరూన్‌లో ఎబొనీ కోత మిల్లును మరో సంస్థతో కలిసి కొన్నప్పుడు ఒక సంగతి బయటపడింది. నికార్సయిన నలుపు ఉన్న ఒక్క చెట్టు దొరకడానికి పది చెట్ల దాకా నరికి, గోధుమరంగు చారలున్న మిగతావాటిని అడవిలోనే వదిలేసేవారు. చారల కర్ర గట్టిదనంలో ఏమీ తీసిపోదు. ఆ తర్వాత ఆ కంపెనీ చారలున్న ఎబొనీనీ తన గిటార్లలో వాడడం మొదలుపెట్టింది. కొనేవారి కంటికి నచ్చిన ఒక రంగు అడవిలో తొమ్మిది చెట్లను కూల్చిందన్నమాట. ఎబొనీ పండ్లను తిని, విత్తనాలను పేడతో పాటు దూరంగా వదిలేవి అడవి ఏనుగులు. వేట వల్ల అవి తగ్గిన చోట ఎబొనీ లేత మొక్కలూ తగ్గుతున్నాయని కామెరూన్‌లో జరిగిన పరిశోధనలు చూపించాయి.

ఎర్రచందనం పరిస్థితి ఇంకా ఇరుకు. ప్రపంచంలో ఇది సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల రాతి నేలల్లో, తక్కువ వానల్లో పెరిగే చెట్టు ఇది. చైనాలో రాజుల కాలం నుంచీ ‘జీతాన్’ పేరుతో దీనికి గిరాకీ ఉంది. జపానులో షామిసెన్ అనే తీగ వాద్యం మెడను దీనితో చేస్తారు. గిరాకీ ఎంతటిదో పట్టుబడిన దుంగల వార్తలు చదివే తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఐయూసీఎన్ రెడ్ లిస్టులో ఇది అంతరించే ముప్పున్న చెట్టు. ఇది అందనప్పుడు వ్యాపారుల చూపు ఆఫ్రికాలోని టెరోకార్పస్ టింక్టోరియస్ మీద పడింది. జాంబియాలో ముకులా అనే ఈ చెట్టును గత దశాబ్దంలో విపరీతంగా నరికారు. 2019లో దాన్నీ అంతర్జాతీయ రక్షణ జాబితాలో చేర్చవలసి వచ్చింది.

దుంగకు కాగితం, వాచీకి లేదు

ఆ జాబితా సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందానిది. ముప్పున్న జీవజాతుల ఎగుమతి, దిగుమతులను దేశాలన్నీ కలిసి నియంత్రించే ఏర్పాటు ఇది. ఎర్రచందనం 1995 నుంచి దాని రెండో అనుబంధంలో ఉంది. జిట్రేగి, సిస్సూలతో సహా రోజ్‌వుడ్ వర్గమైన డాల్బెర్జియా ప్రజాతి మొత్తం 2017 జనవరిలో చేరింది. చిన్న అక్షరాల్లో ఉండే వివరణలు చదివితే అసలు విషయం తెలుస్తుంది. ఎర్రచందనం విషయంలో ఈ నియంత్రణ దుంగలకు, చెక్క తునకలకు, పొడికి, సారానికి మాత్రమే. డాల్బెర్జియా విషయంలో ఒక రవాణాలో 10 కిలోల లోపు కర్ర ఉన్న తయారైన వస్తువులకు 2019 నుంచి మినహాయింపు ఉంది. దేశాల సొంత చట్టాలు వేరు. అయినా ఈ ఒప్పందం ప్రకారం చూస్తే పూర్తయిన చెక్క వాచీ తన వెంట ఏ పత్రమూ లేకుండానే సరిహద్దు దాటగలదు. చిన్న వస్తువులు చేసే చేతివృత్తుల వారిని కాగితాల బరువు నుంచి కాపాడడం అవసరమే. దాని ఫలితంగా కొనేవారికి అందవలసిన సమాచారం మధ్యలోనే తెగిపోతోంది.

అసలు వాచీల కోసం చెట్టు నరకాల్సిన అవసరం ఉందా? ఒక ఘన మీటరు కర్రలో మూడింట రెండు వంతులు రంపపు పొట్టుగా పోయినా 16,000 వాచీలు తయారవుతాయి. అంటే ఫర్నిచర్, నేల పలకలు, సంగీత వాద్యాలు చేసేచోట మిగిలే ముక్కలే ఈ పరిశ్రమకు చాలు. ఉత్తర అమెరికా మేపుల్, నల్ల వాల్‌నట్ చెట్లు అక్కడి అడవుల్లో విస్తారంగా ఉన్నాయి. టేకు తోటలను మన దేశంలో 1840ల నుంచే, కేరళలోని నీలంబూరులో మొదలుపెట్టి, పెంచుతున్నారు. ఇవేవీ నల్లగానో ఎర్రగానో మెరవవు కానీ వాచీ చేయడానికి అన్ని విధాలా పనికొస్తాయి. ఒక వాచీ కొంటే ఒక మొక్క నాటుతామనే ప్రకటనలను కాస్త ఆచితూచి చదవాలి. నాటిన మొక్క ఏది, ఎక్కడ, ఎన్నాళ్లు బతికింది అన్నవి తెలియకుండా దాన్ని వందేళ్ల చేవకు జమ కట్టలేం.

వెదురు ఈ వరుసలో వేరే రకం. వృక్షశాస్త్రం ప్రకారం అది చెట్టు కాదు, గడ్డి. దానికి వార్షిక వలయాలు ఉండవు. మొలకెత్తిన కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తుకు వస్తుంది. ఆ తర్వాత మూడు నుంచి ఐదేళ్లలో గట్టిపడి కోతకు సిద్ధమవుతుంది. కోసినా అదే దుంప మళ్లీ పిలకలు వేస్తుంది. అటవీయేతర భూముల్లో పెంచిన వెదురును కోయడానికి, తరలించడానికి ఉన్న ఆంక్షలు తొలగేలా మన దేశంలో 2017లో అటవీ చట్టంలోని చెట్టు నిర్వచనం నుంచి దాన్ని తొలగించారు. లోపాలూ ఉన్నాయి. వెదురులో పిండి పదార్థం ఎక్కువ కాబట్టి శుద్ధి చేయకపోతే పుచ్చు పడుతుంది. బొంగు బోలుగా ఉంటుంది కాబట్టి పలుచని బద్దలను జిగురుతో అతికి దిమ్మె చేయాలి. అందులో కర్రతో పాటు జిగురు నాణ్యత కూడా లెక్కే.

చర్మం సంగతి కూడా చూడాలి. పురుగును దూరంగా ఉంచే చేవ రసాయనాలే కొందరి చర్మానికి పడవు. రోజ్‌వుడ్‌లోని డాల్బెర్జియోన్లు, టేకులోని డీఆక్సీలాపచాల్ అలర్జీ కలిగిస్తాయని తెలిసిన పదార్థాలు. రోజ్‌వుడ్ ఆభరణాలు ధరించినవారిలో, వయొలిన్‌కు గడ్డం ఆనించేవారిలో దద్దుర్లు వచ్చిన ఉదంతాలను చర్మవైద్యులు నమోదు చేశారు. చెమట పట్టే మణికట్టు మీద రోజంతా ఉండే వాచీ పట్టీ ఈ రసాయనాలు చర్మానికి చేరడానికి అనువైన చోటు. మేపుల్‌తో ఈ బెడద తక్కువ.

చివరికి, చేతిలో ఉన్న వాచీ ఏ చెట్టుదో తెలుసుకునే మార్గం ఉందా? కొంతవరకు ఉంది. చెక్కను గుర్తుపట్టేది రంగును బట్టి కాదు, నారకు అడ్డంగా కోసిన ముఖాన్ని బట్టి. పట్టీ ముక్కల అంచుల్లోనో, కేసు పక్కభాగంలోనో ఆ ముఖం కొద్దిగా కనిపిస్తుంది. పదిరెట్లు పెద్దది చేసే భూతద్దంతో చూస్తే మేపుల్‌లో సన్నని రంధ్రాలు సమంగా చల్లినట్టుంటాయి. వాల్‌నట్‌లో ఒక్కో వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు, పోనుపోను చిన్నవి. ఎర్రచందనం వర్గంలో రంధ్రాల మధ్య లేతరంగు కణాలు అలల గీతల్లా సాగుతాయి. వెదురు అయితే వలయాలే లేకుండా నల్లని చుక్కలు. ఇంతవరకు ఇంట్లో చూసుకోవచ్చు. ఆ అలల గీతలు శేషాచలానివా, జాంబియావా అన్నది భూతద్దం తేల్చలేదు. దానికి బెంగళూరులోని కలప విజ్ఞాన సాంకేతిక సంస్థ వంటి ప్రయోగశాలలో సూక్ష్మదర్శినితోనో, చేవ రసాయనాలను కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌తోనో పరీక్షించాలి. అందుకు వాచీ నుంచి చిన్న పేడు తీయక తప్పదు. పెట్టె మీద వ్యాపార నామంతో పాటు వృక్షశాస్త్ర నామం, దేశం పేరు ముద్రించి ఉంటే ఆ పేడు తీసే పని ఉండదు.