అడవి జీవుల గొంతులకు ఒక రిజిస్టరు

గ్రామములో శిశువు జన్మించినచో ఆ వివరము రిజిస్టరున కెక్కును. ఎవరి పొలములో ఏ పైరు ఉన్నదో రెవిన్యూ లెక్కలలో కనబడును. కాని ఊరి చుట్టునున్న గుట్టలలోను, చిట్టడవులలోను, చెరువులలోను నివసించు జంతువులకును, పక్షులకును ఇట్టి లెక్క సాధారణముగా ఉండదు. లెక్కలో లేనిదానిని అసలే లేనిదిగా భావించుట లోకములో పరిపాటి. పొదలు కొట్టుటకో, రాయి తీయుటకో, బాట వేయుటకో ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ స్థలమును ఆశ్రయించిన జీవుల పక్షమున సాక్ష్యము కనబడదు. ఈ లోటును కొంతవరకు తీర్చగల సాధనము ధ్వనిముద్రణము. అనగా అడవి జీవుల అరుపులను, కూతలను యంత్రములో పట్టి, వివరములతో భద్రపరచుట.

అనేక జీవులు రాత్రివేళ సంచరించును. పగలు పొదల చాటున దాగియుండును. అవి కంటికి చిక్కకున్నను చెవికి చిక్కును. తొలకరి వానలకు గుంటలలో అరచు కప్పలన్నియు మనకు ఒకటిగానే తోచును. శ్రద్ధగా వినినచో ఒక్కొక్క జాతి మగకప్ప ఒక్కొక్క తీరున పిలుచుట తెలియును. ఆ కూతను ముద్రించినచో దూరమున ఉన్న నిపుణుడు పదిసార్లు విని జాతిని నిర్ణయింపగలడు.

ఈ విద్య కొత్తది కాదు. 1889లో జర్మనీ దేశమున లుడ్విగ్ కోఖ్ అను ఎనిమిదేండ్ల బాలుడు మైనపు గొట్టముపై ఒక పంజరపు పక్షి పాటను ముద్రించెను. మనకు తెలిసిన పక్షిధ్వని ముద్రణములలో అదియే మొదటిది. ఆ పక్షి మన దేశపు షామా. తూర్పు కనుమల అడవులలోను అది కలదు. 1929లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్థర్ ఆలెన్ చలనచిత్రముల ధ్వనియంత్రముతో పక్షుల పాటలను ముద్రించెను. ఆ ప్రయత్నమే పెరిగి నేడు మెకాలే గ్రంథాలయమను గొప్ప ధ్వని భాండాగారమైనది. ఇట్టి భాండాగారములవలన ఎంత మేలు కలదో, ఎంత విషాదము కలదో హవాయి దీవులలోని కౌవాయి ఓఓ అను పక్షి కథ తెలుపును. దాని గొంతు 1987లో చివరిసారి వినబడెను. 2023లో అమెరికా ప్రభుత్వము అది అంతరించినదని నిర్ణయించెను. నేడు మిగిలియున్న గొంతు ముద్రణములలోనిదే.

కలివికోడి నేర్పిన పాఠము

మన కడప జిల్లా కథ ఇందుకు భిన్నమైనది. జర్డన్ అను వైద్యుని మూలమున 1848లో శాస్త్రలోకమునకు తెలిసిన కలివికోడి 1900 తరువాత కనబడక, అంతరించినదని తలంపబడెను. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు శాస్త్రజ్ఞులు, స్థానిక గ్రామస్థుల సహాయముతో, శ్రీలంకమల ప్రాంతమున దానిని మరల కనుగొనిరి. పుస్తకములలో లేని ఆచూకీ ఊరివారి యెరుకలో ఉండెను.

ఈ పక్షి రాత్రించరము. సూర్యాస్తమయమైన ముప్పావుగంటకు కూయనారంభించి, కొద్ది నిమిషములు మొదలు ఇరువది నిమిషములలోపుగా మానివేయును. దాని కూతల తొలి ముద్రణములను గూర్చిన వ్యాసము 2004లో వెలువడెను. కూత ఎట్లుండునో తెలిసిన పిమ్మట దానిని చిట్టడవులలో వెదకుట సులభతరమైనది. తెలుగుగంగ కాలువ ఆ ఆవాసమునకు ముప్పు కలిగింపగా, మార్గమును మార్చవలసివచ్చెను. పక్షి ఎచ్చట ఉన్నదో తెలియనిదే ఇట్టి మార్పు సాధ్యమగునా? పైకి పనికిరాని పొదల బీడుగా తోచు నేలయే ఆ పక్షికి ఇల్లు.

పంచాయతీల కర్తవ్యము

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరుపవలెను. ఊరి మొక్కలను, జీవులను, వానిని గూర్చి ప్రజలకు గల జ్ఞానమును ప్రజా జీవవైవిధ్య రిజిస్టరునందు నమోదు చేయుట ఈ కమిటీల ముఖ్యమైన పని. ఆ రిజిస్టరునకు తోడుగా కూతల ముద్రణములను కూడ చేర్చుకొనవచ్చునని మా సూచన. ఖరీదైన యంత్రములు అవసరము లేదు. చేతిలోని ఫోనుతో ఆరంభింపవచ్చును.

ఈ కార్యములో కొన్ని నియమములు పాటింపవలెను. గాలి లేని వేళను ఎంచుకొని, మాటలాడక, కదలక, కనీసము రెండు మూడు నిమిషములు ముద్రింపవలెను. ముగియగానే తేది, సమయము, స్థలము, వాతావరణము, ముద్రించినవారి పేరు ఆ ముద్రణములోనే పలుకవలెను. ఈ వివరములు లేని కూత సర్వే నంబరు లేని దస్తావేజు వంటిది. జాతి నిశ్చయముగా తెలియనిచో ఊహించి వ్రాయరాదు. ఊరివారు పిలుచు పేరు వ్రాసి, నిపుణుని అభిప్రాయము కోరవలెను. అసలు ముద్రణమును కత్తిరింపక, రెండు ప్రతులు తీసి వేరువేరు చోట్ల దాచవలెను.

గూళ్లకు దగ్గరగా పోరాదు. ముద్రించిన కూతను అచ్చటనే మరల వినిపింపరాదు. తన హద్దులోనికి మరొక పక్షి వచ్చినదని తలచి అది కలత చెందును. అభయారణ్యములలో అటవీ శాఖ అనుమతి లేక అడుగిడరాదు. అరుదైన జీవి కనబడిన చోటును బహిరంగముగా చాటరాదు. వేటగాండ్రకు అది దారి చూపును.

మేకల కాపరులు, చేపలు పట్టువారు, రాత్రి పొలము కాచు రైతులు ఏ కూత ఎప్పుడు వినవచ్చునో, ఏది కొన్నేండ్లుగా వినబడుట లేదో చెప్పగలరు. వారిని కమిటీ సమావేశమునకు పిలిచి అడుగుట మొదటి పని. పాఠశాల బాలబాలికలను తోడు చేర్చినచో పని సులువగును. ఏటేట అదే మాసమున, అదే చోట ముద్రించినచో పదేండ్లకు ఊరి చిట్టడవి నిలిచినదో, తరిగినదో ఆ రిజిస్టరే చెప్పును. ఇకమీదట పొదల నేలను గూర్చి తీర్మానము చేయునప్పుడు పంచాయతీ సభ్యులు భూమి లెక్కతోపాటు ఈ లెక్కను కూడ ముందుంచుకొందురని ఆశించుచున్నాము.