గంటకు రూ. 115.85

2024 మార్చి మొదటి పదిహేను రోజుల్లో కేంద్ర ప్రభుత్వం కృత్రిమ మేధ గురించి మూడు మాటలు చెప్పింది. ఒకటో తేదీన ఐటీ శాఖ ఒక సలహాపత్రం జారీ చేసింది. సరిగ్గా పరీక్షించని ఏఐ మోడళ్లను జనం వాడకంలోకి తేవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్నది దాని సారాంశం. ఏడో తేదీన కేంద్ర మంత్రివర్గం ఇండియా ఏఐ మిషన్‌కు ఐదేళ్లకుగాను రూ. 10,371.92 కోట్లు మంజూరు చేసింది. ఇక్కడే మోడళ్లు తయారుచేయండి, డబ్బు మేమిస్తాం అన్నది దీని సారాంశం. పదిహేనో తేదీన మొదటి పత్రం స్థానంలో ఇంకొకటి వచ్చింది. అనుమతి అక్కర్లేదు, నమ్మదగ్గది కాకపోవచ్చని లేబుల్ అంటిస్తే చాలు అంది. మూడింటిలో ఏది వ్యూహమో, ఏది కంగారో పత్రాలు చదివితే తేలదు. డబ్బు ఎటు పోతోందో చూస్తే కొంత తేలుతుంది.

మిషన్‌కు ఏడు భాగాలున్నాయి. పేర్లన్నీ ఉదాత్తంగానే ఉన్నాయి కాబట్టి వాటిని పక్కనబెట్టి అంకెలు చూద్దాం. కంప్యూటింగ్ సామర్థ్యానికి రూ. 4,563.36 కోట్లు, అంటే మొత్తంలో 44 శాతం. సొంత మోడళ్లు తయారుచేయించే ఇన్నోవేషన్ సెంటర్‌కు 1,971.37 కోట్లు. స్టార్టప్‌లకు 1,942.5 కోట్లు. శిక్షణకు 882.94 కోట్లు, అప్లికేషన్లకు 689.05 కోట్లు. అక్కడినుంచి లెక్క ఒక్కసారిగా సన్నబడిపోతుంది. డేటాసెట్లకు 199.55 కోట్లు. ఏఐ భద్రతకు, విశ్వసనీయతకు కలిపి 20.46 కోట్లు. నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియోతో దేశమంతా గగ్గోలెత్తింది అంతకు నాలుగు నెలల ముందే. నిందితుణ్ని ఢిల్లీ పోలీసులు వెతుక్కుంటూ వచ్చి పట్టుకున్నది ఆంధ్రప్రదేశ్‌లో, 2024 జనవరిలో. ఆ వేడి మీద రాసుకున్న పద్దు 20 కోట్లయితే, మామూలు రోజుల్లో ఎంత రాసేవారో!

ఇది మన మొదటి వ్యూహమేమీ కాదు. 2018 జూన్‌లోనే నీతి ఆయోగ్ 'అందరికీ ఏఐ' నినాదంతో జాతీయ వ్యూహపత్రం విడుదల చేసింది. వైద్యం, వ్యవసాయం, విద్య, నగరాలు, రవాణా అని ఐదు రంగాలు ఎంచుకుంది. 'ఐరావత్' పేరుతో పెద్ద కంప్యూటర్ వ్యవస్థ కావాలంది. పత్రం బాగానే ఉంది. కానీ దాన్ని అమలు చేయాల్సింది నీతి ఆయోగా, ఐటీ శాఖా అన్నది తేలడానికే చాలాకాలం పట్టింది. చివరికి ఐరావత్ పుణెలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్‌లో కొలువుదీరి, 2023లో ప్రపంచ సూపర్ కంప్యూటర్ల జాబితాలో 75వ స్థానం సంపాదించింది. ఈలోగా చాట్‌జీపీటీ వచ్చి జనం నోళ్లలో నానడం కూడా అయిపోయింది.

ఇక ఆ 4,563 కోట్ల సంగతి. ఏఐ మోడల్‌కు శిక్షణ ఇవ్వడమంటే కోట్లాది గుణకారాలు, కూడికలు ఒకేసారి జరిపించడం. మామూలు ప్రాసెసర్ ఆ పనిని కొద్దికొద్దిగా చేస్తుంది. జీపీయూ అనే చిప్ వేల లెక్కలను సమాంతరంగా లాగించేస్తుంది. వీడియో గేముల్లో బొమ్మలు చకచకా కదిలించడానికి పుట్టిన ఈ చిప్, ఇవాళ దేశాల ప్రతిష్ఠకు కొలమానమైంది. ఎన్‌విడియా హెచ్100 ఒక్కటి కొనాలంటే పాతిక లక్షల రూపాయల పైమాటే. వేలల్లో కొంటే? కొన్నాక రెండేళ్లకు కొత్త రకం వస్తే?

ఇక్కడ మన అధికారులు తెలివైన పని చేశారనే చెప్పాలి. కొనలేదు, కిరాయికి తీసుకున్నారు. డేటా సెంటర్లున్న కంపెనీలను టెండర్లకు పిలిచి, ఒక్కో రకం జీపీయూకు గంటకు ఎంత తీసుకుంటారో చెప్పమన్నారు. అతి తక్కువ పాడినవారి రేటును ప్రమాణంగా పెట్టి, మిగతావాళ్లను ఆ రేటుకు దిగిరమ్మన్నారు. వరికోతల కాలంలో ఊళ్లోకి వచ్చే హార్వెస్టర్‌ను గంటల లెక్కన మాట్లాడుకున్నట్టే ఇదీ. కాకపోతే కిరాయిలో 40 శాతం దాకా సర్కారు భరిస్తుంది. మొదటి విడత సగటు రేటు గంటకు రూ. 115.85 పలికింది. పూర్తి రాయితీ దొరికినవారికి అది డెబ్బై రూపాయల లోపే పడుతుంది. పది వేల జీపీయూలు లక్ష్యమనుకుంటే, 2025 జనవరి 30న ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ 18,693 సిద్ధమన్నారు. ఆ తర్వాత ఈ సంఖ్య 38 వేలు దాటింది. టెండరులో నెగ్గిన సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన కంట్రోల్ఎస్ కూడా ఉంది. డెబ్బై రూపాయలకు హైదరాబాద్‌లో ఇరానీ చాయ్‌తో పాటు ఒక ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు వస్తుంది. దాదాపు ఆ ధరకు ఒక పరిశోధక విద్యార్థి ఏఐ చిప్‌ను గంటసేపు వాడుకోగలగడం చిన్న విషయమేమీ కాదు.

అయితే కిరాయి యంత్రం మనదెప్పుడూ కాదు. హెచ్100 గీసింది అమెరికాలో, చెక్కింది తైవాన్‌లో. 2025 జనవరిలో దిగిపోతూ దిగిపోతూ బైడెన్ ప్రభుత్వం ఈ చిప్‌ల ఎగుమతికి దేశాలను మూడు వరుసల్లో కూర్చోబెట్టింది. మనకు రెండో వరుసలో, పరిమితితో కూడిన చోటు దక్కింది. మేలో ట్రంప్ ప్రభుత్వం ఆ నిబంధనను ఎత్తేసింది కాబట్టి గండం గడిచింది. వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారడం మీద ఆధారపడిన స్వావలంబనను ఏ మేరకు స్వావలంబన అనొచ్చో చదువరులే నిర్ణయించుకోవచ్చు.

ఆ జనవరిలోనే చైనాకు చెందిన డీప్‌సీక్ సంస్థ ఆర్1 మోడల్ విడుదల చేసి అమెరికా షేర్ మార్కెట్‌ను కుదిపేసింది. మన దగ్గర దాని ఫలితం వేగంగానే కనిపించింది. సొంత మోడళ్ల కోసం ప్రతిపాదనలు పిలిస్తే మొదటి విడతలోనే 67 వచ్చాయి. ఏప్రిల్‌లో బెంగళూరుకు చెందిన సర్వం ఏఐని మొదటగా ఎంపిక చేసి, 4,096 హెచ్100లను ఆరు నెలలపాటు కేటాయించారు. రాత్రింబవళ్లు నడిపితే కోటీ డెబ్బై లక్షల పైచిలుకు జీపీయూ గంటలన్నమాట. తర్వాత సాకెట్, జ్ఞాని, గాన్ వచ్చాయి. ఆ తర్వాతి విడతలో ఐఐటీ బాంబే సారథ్యంలోని భారత్‌జెన్, టెక్ మహీంద్రా వంటివి చేరాయి. భారత్‌జెన్ బృందంలో మన ట్రిపుల్ఐటీ హైదరాబాద్ కూడా ఉంది.

అమెరికాతో పోటీ సంగతేమిటంటారా? మైక్రోసాఫ్ట్ ఒక్క సంస్థే ఒక్క ఆర్థిక సంవత్సరంలో ఏఐ డేటా సెంటర్ల మీద 8,000 కోట్ల డాలర్లు పెడతానంది. మన మిషన్ ఐదేళ్ల మొత్తం 125 కోట్ల డాలర్ల చిల్లర. పోలిక అక్కడితో ఆపేయడం మర్యాద.

పైగా ఆ కాస్త డబ్బూ ఖర్చు కావడం లేదు. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో ప్రతి పద్దుకూ పక్కపక్కనే రెండు గడులుంటాయి. ఒకటి ఫిబ్రవరిలో చప్పట్ల మధ్య చదివే బడ్జెట్ అంచనా. ఇంకొకటి మరుసటి ఏడాది చప్పుడు చేయకుండా అచ్చువేసే సవరించిన అంచనా. 2024-25లో ఇండియా ఏఐ మిషన్‌కు మొదటి గడిలో ఉన్నది రూ. 551.75 కోట్లు. రెండో గడిలో 173 కోట్లు. అంటే మూడో వంతు కూడా వాడలేకపోయారు. అయినా 2025-26కు ఏకంగా 2,000 కోట్లు రాసుకున్నారు. దీన్ని నిర్లక్ష్యమనడం అన్యాయం. కిరాయి పద్ధతిలో పని జరిగాకే డబ్బు చెల్లిస్తారు, టెండర్లు తేలడానికే ఏడాది పట్టింది. కానీ ఆ ఏడాదంతా ప్రకటనల్లో వినిపించింది మాత్రం మొదటి గడి అంకెలే.

నా అభ్యంతరం ఈ ఆలస్యం మీద కాదు, డేటాసెట్లకు రాసిన ఆ 199.55 కోట్ల మీద. జీపీయూ ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. తెలుగు పాఠం తెలుగువాళ్ల దగ్గరే దొరకాలి.

కంప్యూటర్‌కు తెలుగు ఎలా కనిపిస్తుందో ఒకసారి దగ్గరగా చూడండి. 'స్త్రీ' అని రాస్తే మన కంటికి ఒకటే అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఒక్కో ముక్కకు మూడేసి చొప్పున పద్దెనిమిది బైట్లు. ఇంగ్లిష్‌లో అక్షరానికి ఒక్క బైటు. ఏఐ మోడల్ వాక్యాన్ని మింగేముందు దాన్ని టోకెన్లనే తునకలుగా కోస్తుంది, కంపెనీలు బిల్లు వేసేదీ టోకెన్ల లెక్కనే. ఎక్కువగా ఇంగ్లిష్ చదివి తయారైన కత్తి తెలుగు మాటను ఎముకలతో సహా నూరేస్తుంది. 2024 మేలో ఓపెన్‌ఏఐ కొత్త మోడల్ విడుదల చేస్తూ తనే ఒక ఉదాహరణ ఇచ్చింది. కొద్దిపాటి తెలుగు పాఠానికి అంతవరకు 159 టోకెన్లయ్యేవట, కొత్త పద్ధతిలో 45 అయ్యాయట. అదే పాఠానికి ఇంగ్లిష్‌లో అయ్యేవి 24. పాపం, తగ్గించారు. తగ్గించాక కూడా తెలుగువాడు దాదాపు రెట్టింపు చెల్లిస్తున్నాడు. అంతకుముందు ఎంత చెల్లించాడో లెక్క వేసుకోకపోవడమే మనశ్శాంతి.

ఈ కోత మెరుగుపడాలన్నా, మోడల్‌కు తెలుగు నుడికారం అబ్బాలన్నా దానికి పెద్దమొత్తంలో మంచి తెలుగు చదివించాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల పైచిలుకు మంది మాట్లాడే భాషకు పాఠం కొరతేమిటని అడగొచ్చు. రాత లేక కాదు, అందక. మూడు దశాబ్దాలపాటు మన పుస్తకాలు, పత్రికలు, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనో, శ్రీలిపితోనో కంపోజ్ అయ్యాయి. అవి యూనికోడ్ కాదు. ఆ ఫైలు లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. వాటి మీద తెలుగు ముఖాలు తొడిగారంతే. ఫాంటు తీసేస్తే మిగిలేది పిచ్చిగీతలు. యంత్రానికి కనబడేదీ అవే. కన్వర్టర్లున్నాయి గానీ, మార్చాక ఒత్తులెక్కడ జారాయో, ఏ పొల్లు ఎగిరిపోయిందో ఒక మనిషి కూర్చుని దిద్దక తప్పదు. ప్రభుత్వాలదింకో దారి. తెలుగులో వచ్చే కొద్దిపాటి ఉత్తర్వులను కూడా కంప్యూటర్‌లో టైపు చేస్తారు, ప్రింటు తీస్తారు, సంతకం పెట్టిస్తారు, స్కాన్ చేసి బొమ్మగా వెబ్‌సైట్‌కెక్కిస్తారు. ఆ బొమ్మలోంచి అక్షరాలను తిరిగి లాగడానికి ఏఐ కావాలి. ఆ ఏఐకి జీపీయూ కావాలి. జీపీయూకు రాయితీ కావాలి.

డేటా పని అసలు జరగడం లేదనలేం. కేంద్రం 2022 జులైలో ప్రారంభించిన భాషిణి కింద అనువాదం, మాటను రాతగా మార్చడం వంటివి నడుస్తున్నాయి. దాని భాషాదాన్ విభాగంలో ఎవరైనా తమ గొంతు ఇవ్వొచ్చు. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్, ట్రిపుల్ఐటీ హైదరాబాద్ ఏళ్లుగా ఈ బరువు మోస్తున్నాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ మిషన్ రాకముందే వేలాదిమంది ఇంజనీరింగ్ విద్యార్థులను కూడగట్టి పాత తెలుగు కథల పుటలను డిజిటల్ పాఠంగా మార్పించింది. 2025 మార్చిలో మొదలైన ఏఐకోశ్ అనే ప్రభుత్వ వేదిక ఇలాంటి డేటాను ఒకచోట పేర్చే ప్రయత్నం. కోశం కట్టారు, నింపడానికి మాత్రం మొత్తంలో రెండు శాతం కూడా కేటాయించలేదు.

చిన్న డేటాతో ఏం జరుగుతుందో తెలంగాణ ఒకసారి చూపించింది. ఖమ్మం జిల్లాలో ఏడు వేలమంది మిర్చి రైతులతో, ప్రపంచ ఆర్థిక వేదిక తోడ్పాటుతో 'సాగు బాగు' అనే ప్రయోగం చేశారు. తెలుగులో సలహాలిచ్చే చాట్‌బాట్, నేల పరీక్ష, కాయ నాణ్యతను యంత్రంతో కొలవడం, అమ్మకానికి డిజిటల్ వేదిక కలిపి నడిపారు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందని నిర్వాహకులే ప్రకటించారు. తమ పనికి తామే వేసుకున్న మార్కులు కాబట్టి కొంత కోత పెట్టుకున్నా, మిగిలేది కొట్టిపారేయదగ్గది కాదు. అక్కడ యంత్రం కంటే ముందు కావలసినవి ఖమ్మం నేల వివరాలు, మిర్చికి వచ్చే తెగుళ్ల పేర్లు రైతు పలికే తీరులో, ఆ వారం మార్కెట్ ధర. వీటిని ఎన్‌విడియా అమ్మదు.

యంత్రాల డబ్బుకు సర్కారు అంతగా హైరానా పడనక్కర్లేదని విశాఖపట్నమే చెబుతోంది. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతానంది. మన మిషన్ మొత్తానికి పన్నెండు రెట్లు, ఒక్క ఊళ్లో. దానికి కరెంటు, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయన్నది వేరే చర్చ, జరగాల్సిన చర్చ. ఈ వ్యాసానికి కావలసింది ఒక్కటే: లాభం కనిపించినచోట జీపీయూలు వాటంతటవే దిగుతాయి. అను ఫైళ్లను దిద్దించడానికి మాత్రం ఏ బహుళజాతి సంస్థా పదిహేను వందల కోట్ల డాలర్లతో విశాఖకు రాదు. దానికి ప్రభుత్వ డబ్బే కావాలి, అదీ పెద్ద మొత్తమేం కాదు.

మొదటి ఏడాది ఖర్చుకాని 378 కోట్లు డేటా పద్దు మొత్తానికి దాదాపు రెట్టింపు. మిషన్ 2028-29 దాకా నడుస్తుంది. అలా ఏటా మిగిలేదాంట్లో కొంత ప్రూఫ్ రీడర్లకు, టైపిస్టులకు, పల్లెల్లో గొంతులు రికార్డు చేసేవాళ్లకు మళ్లించవచ్చు. విజయవాడ, హైదరాబాద్‌లలోని డీటీపీ సెంటర్లను ముందు అడగాలి. ఏ రచయిత నవల ఏ పాత హార్డ్‌డిస్క్‌లో ఉందో వాళ్లకు తెలిసినంతగా ఢిల్లీలో ఎవరికీ తెలియదు. అనుమతులు, రచయితలకు చెల్లింపులు తేల్చుకోవాలి. ఆ డిస్కులు పాడయ్యేలోగా తేల్చుకుంటే మంచిది.