మూడు వందలు, మూడు వందల

సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో నివసించే సవరల భాషలో 39 అనడానికి ముప్ఫైతో పని లేదు, తొమ్మిదితోనూ పని లేదు. ఇరవై, పన్నెండు, ఏడు అన్న మూడు మాటలను వరసగా పలికితే చాలు. పన్నెండును ఇంచుమించు ‘మిగ్గల్’ అని, ఏడును ‘గుల్జి’ అని అంటారు. ఈ రెండూ కలిస్తే పంతొమ్మిది. దాని ముందు ఒక ఇరవైని చేరిస్తే 39, నాలుగు ఇరవైలను చేరిస్తే 99. పన్నెండు దగ్గర ఒక మెట్టు, ఇరవై దగ్గర మరొక మెట్టు. ఇటువంటి రెండు మెట్ల లెక్క ప్రపంచ భాషల్లో చాలా అరుదు.

ఈ భాషను పట్టుదలగా నేర్చుకున్నవాడు గిడుగు రామమూర్తి. 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, సవర భాషకు 1931లో వ్యాకరణాన్నీ 1938లో నిఘంటువునూ అందించాడు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటాన్ని ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. సవర కోసం ఆయన పడిన శ్రమనూ అంతే శ్రద్ధగా తలుచుకోవాలి.

సవరల 39ని మళ్లీ చూస్తే, సంఖ్య పేరు ఒక గుర్తు మాత్రమే కాదు, అది ఒక సమాసం. మన గణిత పాఠ్యపుస్తకాలు 3x + 2 వంటి దానిని ‘బీజీయ సమాసం’ అంటాయి. వ్యాకరణంలోనూ అదే మాట ఉంది. ఇది ఎంతో సార్థకమైన పేరని నా నమ్మకం. రెండు చోట్లా చిన్నవి కలిసి పెద్దదవుతాయి, ఆ పెద్దది మళ్లీ ఇంకొక దానిలో భాగమవుతుంది. విజయనగరం సంస్కృత కళాశాలలో సమాసానికి విగ్రహవాక్యం చెప్పించినా, కంప్యూటర్ ఒక ప్రోగ్రాము వాక్యాన్ని విడదీసి చెట్టులా పేర్చుకున్నా, జరిగే పని ఒకటే: ఏది దేనితో ముందు కలిసిందో తేల్చడం.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలు ఈ సమాసాన్నే పునాదిగా చేసుకున్నాయి. 1930లలో అలోంజో చర్చ్ నిర్మించిన లాంబ్డా గణితం వీటికి మూలం. 1966లో పీటర్ లాండిన్ రాసిన ఒక ప్రసిద్ధ పత్రం ఈ తరహా భాషలకు రూపురేఖలు ఇచ్చింది. ఎడింబరోలో రాబిన్ మిల్నర్ బృందం 1970లలో ఎంఎల్ భాషను తయారుచేసింది. 1990లో హాస్కెల్ వచ్చింది. మామూలు ప్రోగ్రాము ‘ఇది చెయ్యి, తరువాత అది చెయ్యి’ అంటూ ఆజ్ఞల వరసగా సాగుతుంది. ఇక్కడ ప్రతి ముక్కకూ ఒక విలువ ఉండాలి. అందుకే హాస్కెల్‌లో ‘అయితే ఇది’ అని రాసి ‘కాకపోతే అది’ రాయకుండా వదిలేస్తే తప్పు. షరతు కూడా సమాసమే కనుక, ఎటు వెళ్లినా విలువ తేలాలి.

ఎంఎల్, హాస్కెల్ వంటి భాషల్లో ప్రమేయాన్ని (ఫంక్షన్‌ను) రాశికి వర్తింపజేయాలంటే రెండింటినీ పక్కపక్కన పెడితే చాలు, కుండలీకరణాలు అక్కర లేదు. ‘కూడు’ అనే ప్రమేయం ఉందనుకుందాం. ‘కూడు 20 19’ అంటే 39. ఇలా ఆనుకుని ఉండే బంధమే అన్నిటికంటే బిగువైనది. అందువల్ల ‘రెట్టింపు 5 + 1’ అంటే పదకొండే గాని పన్నెండు కాదు.

పక్కపక్కన పెట్టడం అన్న ఈ ఉపాయం తెలుగు సంఖ్యలకు ఏనాటి నుంచో తెలుసు. ఇరవై వేలు అంటే గుణకారం, వెయ్యి ఇరవై అంటే కూడిక. గుర్తులేమీ లేవు, స్థానమే గుర్తు. పెద్ద మెట్టుకు ముందున్నది హెచ్చిస్తుంది, వెనకున్నది కలుస్తుంది. సవరలోనూ ఇదే నియమం: ఇరవైకి ముందున్న నాలుగు దానిని ఎనభై చేస్తుంది, తరువాత వచ్చిన ఏడు దానికి కలుస్తుంది. పెళ్లిలో చదివించే వెయ్యిన్నూట పదహార్లను విప్పి చూడండి. వెయ్యి, దానికి నూరు, దానికి పదహారు, ఆ పదహారులో మళ్లీ పదీ ఆరూ.

అయితే తెలుగు ఇంకొక అడుగు ముందుకు వేసింది. ‘మూడు వందలు’ అంటే లెక్క ముగిసింది. ‘మూడు వందల’ అంటే ముగియలేదు, వినేవాడు చెవి ఒగ్గి ఉంటాడు. ‘నూరు’ విలువ, ‘నూట’ ఎదురుచూపు. ఒక్క విభక్తి రూపంతో విలువ కాస్తా ప్రమేయమైపోయింది: ఇంకొక సంఖ్యను ఇవ్వండి, దానికి మూడు వందలు కలిపి ఇస్తాను అంటున్నది. హాస్కెల్‌లో ‘కూడు 300’ అని రాసి ఆపితే వచ్చేది సరిగ్గా ఇదే. అది తప్పు కాదు, ఇంకొక రాశి కోసం వేచి ఉన్న కొత్త ప్రమేయం. ఈ ఆలోచనను 1924లో మోజెస్ షోన్‌ఫింకెల్ ప్రచురించాడు. తరువాత దానిని విస్తరించిన హాస్కెల్ కరీ పేరే దీనికి స్థిరపడి ‘కరీయింగ్’ అయింది. ఆయన మొదటి పేరు హాస్కెల్ భాషకు దక్కింది.

మళ్లీ సవరల దగ్గరికి వస్తే, వారి పిల్లలకు మొదటి తరగతుల్లో మాతృభాషలో చదువు చెప్పే ప్రయత్నం ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. అటువంటి తరగతిలో నల్లబల్ల మీద 39 అని రాశారనుకోండి. అక్కడ కూర్చున్న ఒక సవర పిల్లకు ఇంటి భాషలో అది ఇరవై మీద పన్నెండూ ఏడూ. బడి తెలుగులో ముప్ఫై మీద తొమ్మిది. తెలుగు పేరు వెంటనే నోటికి రాలేదంటే ఆమెకు లెక్క రాదని అనుకోకూడదు. ఆమె తలలో ఉన్నది వేరొక చెట్టు. బల్ల మీద రెండు చెట్లనూ పక్కపక్కన గీసి, కొమ్మల నుంచి కూడుకుంటూ మొదలు దాకా రమ్మంటే, రెండు చోట్లా 39 తేలడం ఆమే చూస్తుంది.